పాట ఊరికే రాదు

మన సంఘాల పండగ కార్యక్రమాల జమాఖర్చుల కాగితం ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? చూడకపోతే ఈసారి సర్వసభ్య సమావేశంలో అడిగి తీసుకోండి. హైదరాబాదు నుంచి వచ్చిన సినిమా గాయకుడికి విమానం టిక్కెట్టు, హోటలు, పారితోషికం. ఆయన వెంట వచ్చిన కీబోర్డు మనిషికి ఇంకొంత. శాలువాకు, జ్ఞాపికకు, పూలదండలకు మరికొంత. అదే వేదిక మీద ఆయనకంటే అరగంట ముందు పాడిన మన ఊరి పిల్లకూ, మృదంగం వాయించిన కుర్రాడికీ ఏమిచ్చారో ఆ కాగితంలో వెతకండి. ఆ పద్దే ఉండదు. మహా అయితే భోజనం కూపను.

అడిగితే "వేదిక ఇచ్చాం గదండీ" అంటారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉండనే ఉంది. వైద్యుణ్ణి కనుక ఆ సామెత నాకు బాగా అనుభవం. విందుకి వెళితే పులిహోర పళ్ళెం చేతికి రాకముందే రక్తపరీక్షల కాగితం చేతికొస్తుంది. "డాక్టరుగారూ, ఒక్కసారి చూసి పెట్టండి, కొలెస్టరాల్ ఎంతవరకూ ఉండొచ్చు?" నేను చూసి పెడతాను. నాకు నెల జీతం వస్తుంది గనక నష్టం లేదు. వాయిద్యగాడికి ఆ సౌకర్యం లేదు. ఆ రాత్రి ఆ కుర్చీలో ఎవరో ఒకరు డబ్బిచ్చి కూర్చుంటేనే అతని ఇంటి అద్దె తీరుతుంది.

ఈ సంగతి నేను నేర్చుకున్నది మన సభల్లో కాదు, ఈ ఊళ్ళోని జాజ్ క్లబ్బుల్లో. అందుకే ఈ వ్యాసం జాజ్ గురించి. శీర్షిక చూసి త్యాగరాజ ఆరాధన గురించి అనుకుని మొదలుపెట్టినవారు కాస్త ఓపిక పట్టండి, ఆ దారి కూడా వస్తుంది.

ముందు ఊరి సంగతి. మనలో చాలామందిమి సింగపూరు అంటే పని, పన్ను, పాఠశాల, ముస్తాఫా అనుకుంటాం. ఆ ముస్తాఫాకి నాలుగడుగుల దూరంలో సిటీ స్క్వేర్ మాల్ ఉంది. అక్కడ 1923 నుంచి 'న్యూ వరల్డ్' అనే వినోదాల తోట ఉండేది. ఆ తరవాత గ్రేట్ వరల్డ్, హ్యాపీ వరల్డ్ వచ్చాయి. మూడింటిలోనూ డాన్సు హాళ్ళు, వాటిలో బ్యాండ్లు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు, యురేషియన్లు, గోవావాళ్ళు వాయించేవారు. అంటే మనం వారం వారం బెండకాయలు, గోంగూర కొనుక్కుని ఎమ్మార్టీ ఎక్కే చోటనే వందేళ్ళ నాడు శాక్సఫోను మోగింది. అక్కడినుంచి వచ్చిన పరంపరే హోటళ్ళకూ, హోటళ్ళ నుంచి బోట్ కీ వంటి చోట్ల మేడమీది గదులకూ పాకింది. డ్రమ్ముల లూయీ సోలియానో ఆ పాతకాలం నుంచి దశాబ్దాల తరబడి వాయించినవాడు. పియానో జెరెమీ మాంటేరో 1988లో స్విట్జర్లాండులోని మాంట్రో ఉత్సవంలో వాయించి వచ్చాడు. 2002లో ఈ దేశం ఆయనకు కల్చరల్ మెడాలియన్ ఇచ్చింది. 2016లో జాజ్ అసోసియేషన్ పెట్టి, పెద్దలకొక ఆర్కెస్ట్రా, కుర్రవాళ్ళకొక ఆర్కెస్ట్రా నడిపించాడు. రాణీ సింగం అనే గాయని న్యాయవాద వృత్తి నుంచి పాటకి వచ్చింది. మన ఇళ్ళల్లో ఇలాంటి మాట వినిపిస్తే తల్లిదండ్రులు నా దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వస్తారు.

ఇంత దగ్గర ఉన్నదాన్ని మనవాళ్ళు ఎందుకు చూడరు? అడిగి చూశాను. మొట్టమొదట వచ్చే జవాబు: "అది మన సంగీతం కాదు గదా."

వయొలిన్ మనదా? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి మద్రాసులో దొరల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వాయిద్యం అది. ఆ ముత్తుస్వామి దీక్షితులవారే ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలని ఇప్పటికీ మన పిల్లలకు ఆదివారం సంగీతం క్లాసుల్లో నేర్పుతున్నది వాటినే. ఆయన "అది మన సంగీతం కాదు" అని చెవులు మూసుకున్నారా? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు చెప్పి మురిసిపోతాం. ఆ వయొలిన్ తొలిరోజుల్లో మనలాంటివాళ్ళు ఉండి ఉంటే నాయుడుగారి చేతికి వయొలిన్ చేరేదే కాదు.

ఇంకా దగ్గరికి రండి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, అదే మన మాండొలిన్ శ్రీనివాస్. కరెంటుతో మోగే మాండొలిన్ మీద కర్ణాటక రాగం వాయించి పెద్దల్ని ముక్కున వేలేసుకునేలా చేశాడు. మీసం కూడా రాని వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. జాజ్ ఉత్సవంలో సుమా! జాజ్ వినడానికి వచ్చిన జర్మన్లు ఒక గోదావరి జిల్లా కుర్రాడి రాగాలాపన కూర్చుని విన్నారు. అది తమ సంగీతం కాదని లేచిపోలేదు. తరవాత జాన్ మెక్లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి'లో ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగాడు. 2014లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. అప్పుడు మనం సంతాప సభ పెట్టుకున్నాం, దీపం వెలిగించాం, ఫోటోకు దండ వేశాం. ఆ దండ వేసిన చేతులతో ఆయన కూర్చున్న వేదికలాంటి వేదికకు ఒక్క టిక్కెట్టు కొన్నవాళ్ళం ఎందరం?

జాజ్‌కి కూడా మన గడప కొత్త కాదు. డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాని అమెరికా ప్రభుత్వం 1963లో ఆసియా పర్యటనకు పంపినప్పుడు ఢిల్లీ, మద్రాసులతో పాటు హైదరాబాదు కూడా ఆ దారిలో ఉంది. డేవ్ బ్రూబెక్ 1958లో మద్రాసు వచ్చి, మృదంగ విద్వాన్ పళని సుబ్రహ్మణ్య పిళ్ళైగారితో కూర్చుని కలిసి వాయించి చూశాడు. ఆ మరుసటి ఏడు బ్రూబెక్ బృందం రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' మీరు ఏదో ఒక హోటలు లిఫ్టులో వినే ఉంటారు. ఈసారి వినిపించినప్పుడు తాళం వేసి చూడండి. అయిదు మాత్రలు. మన ఖండచాపు 'తక తకిట' అయితే అది 'తకిట తక'. అంతే తేడా. సందర్భం వచ్చింది గనక వైద్యుడిగా ఒక మాట. ఆ పాట కట్టిన శాక్సఫోను విద్వాంసుడు పాల్ డెస్మండ్ 1977లో పోతూ తన బాణీల మీద వచ్చే రాబడిని అమెరికన్ రెడ్ క్రాస్‌కి రాసి పోయాడు. అంటే ఆ లిఫ్టులో మోగే పాట కూడా ఎక్కడో ఒక రక్తపు సీసాకు సాయపడుతూ ఉంటుంది.

అసలు మన కచేరీ విన్నవాడికి జాజ్ పట్టుబడటం ఎవరికన్నా సులువు. ఇంగ్లీషు పుస్తకం అక్కర్లేదు. ఒక బాణీ తీసుకుంటారు. సాధారణంగా ముప్ఫై రెండు బార్లు, బారుకు నాలుగు దెబ్బలు. దాన్ని ఒక పెద్ద ఆవర్తనం అనుకోండి. మొదట అందరూ కలిసి బాణీని ఉన్నదున్నట్టు వాయిస్తారు. అది మన పల్లవి ఎత్తుగడ. తరవాత ఒక్కొక్కరూ అదే ఆవర్తనం మీద తమ మనోధర్మం చూపిస్తారు. శాక్సఫోను నాలుగైదు ఆవర్తనాలు, పియానో మూడు, బేసు ఒకటో రెండో. బాణీ వినిపించదు, కానీ లోపల నడుస్తూనే ఉంటుంది, నెరవలులో సాహిత్యం నడిచినట్టు. ఆఖరున డ్రమ్ములతో ఒక్కొక్కరూ నాలుగేసి బార్లు సవాలు జవాబు చేసుకుంటారు. తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే ఘట్టం గుర్తు తెచ్చుకోండి. అది ముగిశాక మళ్ళీ అందరూ బాణీలోకి దిగుతారు. ఆ దిగడం సరిగ్గా సమం మీద పడితే మన చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది.

తేడా లేదనను. మనకి ఒక శ్రుతి, ఒక రాగం, అందులోనే లోతుకు దిగుతాం. వాళ్ళకి కింద పియానో పరిచే స్వరాల గుంపు బారు బారుకీ మారిపోతుంది. వాయించేవాడు పరిగెత్తే రైలు పెట్టెల మీద నడిచేవాడిలా ఉంటాడు. మన వాళ్ళు గ్రహభేదం కచేరీ మొత్తానికి ఒకసారి చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. అక్కడ ఇంచుమించు అలాంటి పని ప్రతి నాలుగు దెబ్బలకీ జరుగుతూ ఉంటుంది. మన గమకం వాళ్ళకి రాదు, వాళ్ళ ఆ నడక మనకు రాదు. అందుకే జాన్ కోల్ట్రేన్ వంటివాడు మన సంగీతం కోసం వెతుక్కున్నాడు, కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. వాళ్ళు మన కోసం వెతికారు. మనం ఇదే ఊళ్ళో నాలుగు స్టేషన్ల దూరం వెళ్ళలేకపోతున్నాం.

"ఫోన్లో అన్నీ ఉన్నాయి గదా" అనేవారికి ఎక్కువ చెప్పను. పుస్తకంలో గుండె చప్పుడు వర్ణన చదివిన విద్యార్థిని నేను వార్డులోకి పంపను. మనోధర్మం అనేది ఎదురుగా మనిషి ఉంటే పుట్టేది. వినేవాళ్ళలో ఒకడు "శభాష్" అంటే వాయించేవాడు ఇంకొక ఆవర్తనం ఎక్కువ వాయిస్తాడు. ఫోనుకు శభాష్ చెప్పి చూడండి.

"అది బారు" అనే ఆక్షేపణ మాత్రం నిజాయితీ గలది. అవును, మందు అమ్ముతారు. నిమ్మరసం సోడా కూడా అమ్ముతారు. శుక్రవారం రాత్రి మన దొడ్డింట్లోనో కాండోలోనో జరిగే విందుల్లో ఏమేం పోస్తున్నామో మనకు తెలుసు గనక ఈ ఆక్షేపణ పట్టుకుని ఎక్కువసేపు నిలబడటం మంచిది కాదు. పిల్లల్ని తీసుకువెళ్ళాలంటే ఎస్ప్లనేడ్ ఉంది. అందులో రిసైటల్ స్టూడియో 245 కుర్చీల గది. మందు బల్లలు లేవు, పియానో మీద వేళ్ళు కనిపిస్తాయి.

ఎస్ప్లనేడ్ అనగానే "మేం వెళుతుంటామండీ, నీళ్ళ ఒడ్డున ఉచితంగా వాయిస్తుంటారు" అంటారు. మంచిదే. 2002లో తెరిచిన నాటినుంచీ ఆ బయటి వేదిక ఎందరికో తొలి శ్రోతలనిచ్చింది. అయితే మనవాళ్ళు వెళ్ళేది ఉచితమైన చోటికి మాత్రమే. ఐస్‌క్రీం అయిపోయేదాకా నిలబడతారు, ఫోటో తీసుకుంటారు, బేసు వాయించేవాడు తన వంతు అందుకునే సమయానికి పార్కింగు గుర్తొస్తుంది. ఆ ఉచితానికి డబ్బు కట్టేది ఎవరో ఒకరు ఉన్నారు. పెద్ద ఉత్సవాలు కూడా అంతే. ఎస్ప్లనేడ్‌లో 2005లో మొదలైన మొజాయిక్ ఉత్సవం పదేళ్ళు జరిగి 2014లో ముగిసింది. అదే ఏడు మెరీనా బే శాండ్స్‌లో మరొక అంతర్జాతీయ జాజ్ ఉత్సవం మొదలైంది. ఉత్సవం రథం లాంటిది, ఏడాదికొకసారి లాగుతారు. నిత్య నైవేద్యం పెట్టేది చిన్న గుడి. బాలీ లేన్‌లో బ్లూ జాజ్ వంటి చోట్లు ఆ చిన్న గుళ్ళు. వాటిలో ఎన్ని ఆరిపోయాయో చూడండి. హోటల్లో వెలిగిన సోమర్‌సెట్స్ లేదు. బోట్ కీలో మేడమీద జాజ్ ఎట్ సౌత్‌బ్రిడ్జ్ ఉండేది, అదీ లేదు. 2020 మార్చిలో కరోనాతో బార్లు మూతపడ్డాక రెండేళ్ళపాటు ఈ ఊరి హోటళ్ళలో, బార్లలో పాట లేదు. 2022 మార్చి 29న మళ్ళీ వాయించుకోవచ్చన్నారు. ఆ రెండేళ్ళూ మన జీతాలు మనకొచ్చాయి. మనం ఇంట్లో కూర్చుని పని చేశాం. డ్రమ్ములు ఇంట్లో కూర్చుని వాయిస్తే పక్క ఫ్లాటువాడు పోలీసుల్ని పిలుస్తాడు.

లెక్క చెబుతాను, మనం లెక్కలవాళ్ళం గదా. నలభై కుర్చీల గది అనుకోండి. మంగళవారం రాత్రి పదిహేనుమంది వచ్చారు. తలకి ఇరవై డాలర్లు, మొత్తం మూడు వందలు. వేదిక మీద నలుగురు. యజమాని ఒక్క డాలరు ఉంచుకోకుండా అంతా వాళ్ళకే ఇచ్చినా తలకి డెబ్భై అయిదు. ఆ బేసు మామూలు టాక్సీలో పట్టదు, పెద్ద బండి పిలిపించుకోవాలి, రానూపోనూ. మిగిలినది రెండు గంటల వాయిద్యానికి, ఇరవై ఏళ్ళ సాధనకి. అదే రాత్రి మనవాళ్ళు పదిమంది, అయిదు జంటలు, వెళ్ళారనుకోండి. ఆ గది లెక్క మారిపోతుంది. అయిదు వందలవుతుంది. యజమాని వచ్చే నెల కూడా మంగళవారం పాట ఉంచుదామనుకుంటాడు. లక్షల జనాభా ఉన్న ఊళ్ళో ఒక క్లబ్బు ప్రాణం పది కుర్చీల దగ్గర ఆగి ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నేను వెళ్ళిన వారపు రాత్రుల్లో తలలు లెక్కపెట్టాను.

ఇరవై డాలర్లు ఎక్కువంటారా? సర్వీసు చార్జీ, తొమ్మిది శాతం జీఎస్టీ కలిపి ఇంకొంచెం అవుతుంది. తెలుగు కొత్త సినిమా మొదటి రోజు ఆటకి నలుగురం వెళ్ళి, పాప్‌కార్న్ కొని, హీరో బొమ్మ ముందు కాగితం ముక్కలు విసిరి వచ్చిన రోజున ఎంతయిందో ఇంటి ఇల్లాలిని అడగండి.

పిల్లల సంగతి చెప్పకుండా వదలలేను. ఇక్కడి బళ్ళలో సీసీఏ అని ఉంది. మన పిల్లలు చాలామంది బ్యాండులో చేరతారు. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోను. చేర్చేది సంగీతం కోసం కాదు, తరవాత కాలేజీ ప్రవేశంలో ఆ పాయింట్లు కలుస్తాయని. నాకు తెలిసిన ఒక అమ్మాయి నాలుగేళ్ళు ట్రంపెట్ వాయించింది. ఓ లెవెల్ పరీక్షలు కాగానే వాయిద్యం బడికి తిరిగి ఇచ్చేశారు. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారైనా, ట్రంపెట్ వృత్తిగా పెట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి వాయిస్తుంటే ఆ పిల్ల వినలేదు. తల్లిదండ్రులు చెడ్డవాళ్ళు కారు. పరీక్ష పుస్తకాలకు లెక్క చూడకుండా ఖర్చు పెట్టారు. తీసుకెళ్ళాలని వాళ్ళకు తోచలేదు. ఆ పిల్లకి సంగీతం అంటే పాయింట్లు ఇచ్చే వస్తువని మనమే నేర్పాం. రేపు ఆ పిల్ల పెద్దదై మన కచేరీలకు రావడం లేదని మనమే వాపోతాం. కర్ణాటక కచేరీకి కుర్రవాళ్ళు రావడం లేదని ప్రతి ఏడూ ఆరాధన నాడు ఏడుస్తాం గదా, దాని మూలం ఇక్కడుంది. డబ్బిచ్చి, నోరు మూసుకుని, ఎదురుగా కూర్చుని, రెండు గంటలు ఒకరి మనోధర్మం వినడం అనేది అలవాటు. అది ఏ సంగీతం దగ్గర అబ్బినా ఇంకో సంగీతం దగ్గరికి వస్తుంది. ఎక్కడా అబ్బకపోతే ఎక్కడికీ రాదు.

కనుక కార్యవర్గానికి నేను అడిగేది రెండే. వచ్చే ఉగాది కార్యక్రమంలో వేదిక ఎక్కే ప్రతి స్థానిక కళాకారుడికీ, మన పిల్లలైనా సరే, పారితోషికం అనే పద్దు కింద ఎంతో కొంత రాయాలి. శాలువాలు తగ్గించుకుంటే చాలు, ఆ డబ్బు దొరుకుతుంది. మా ఇంట్లోనే నాలుగు శాలువాలున్నాయి, సింగపూరులో శాలువా ఎప్పుడు కప్పుకుంటారో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. రెండోది, సినిమా రాత్రికి ముందుండి టిక్కెట్లు అమ్మిపెట్టే మన సంఘం ఏడాదికి ఒక్కసారి ఈ ఊరి జాజ్ బృందాన్ని పిలిచి, వాళ్ళు అడిగినంత ఇచ్చి, పక్కన మన మృదంగం కుర్రాణ్ణి కూర్చోబెట్టాలి. ఎలా వస్తుందో ముందే చెప్పలేం. చెప్పగలిగితే అది మనోధర్మం కాదు.

కార్యవర్గం ఆలోచించేలోగా సభ్యులు చెయ్యగలిగినది ఒకటుంది. వచ్చే నెల రెండో మంగళవారం కొందరం కలిసి వెళుతున్నాం. మొదటి విడత రాత్రి పదింటికి అయిపోతుంది, ఆఖరి రైలు అందుతుంది, మర్నాడు ఆఫీసుకి ఇబ్బంది లేదు. చప్పట్లు ఒక్కొక్కరి వంతు అయిపోగానే కొట్టాలి, పాట మధ్యలో అయినా తప్పులేదు. బేసు వాయించేటప్పుడు మాత్రం మాట్లాడకండి, అది చాలా మెల్లగా వినిపిస్తుంది. పేర్లు నేనే రాసుకుంటున్నాను. ఎవరి టిక్కెట్టు వారిదే. రక్తపరీక్షల కాగితాలు ఇంట్లో పెట్టి రండి. ఇదంతా తప్పనుకునేవారు వచ్చే సంచికకు జవాబు రాయవచ్చు, సంపాదకులు వేస్తామన్నారు.